మలుపు దగ్గర నిలబడిన మనిషి

మద్రాసు నుంచి నెల్లూరు వైపు వచ్చే జి.ఎన్.టి. రోడ్డు మీద రెడ్ హిల్స్ దాటిన తరువాత షోలవరం అనే ఊరు తగులుతుంది. ఆ పేరు విన్నవారిలో చాలామందికి గుర్తుకు వచ్చేది చెరువు. మహానగరానికి మంచినీరు ఇచ్చే చెరువులలో అదొకటి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అక్కడ సైనిక విమానాల కోసం ఒక రన్‌వే వేశారనీ, యుద్ధం ముగిసి విమానాలు తరలిపోయిన తరువాత దాని మీద దశాబ్దాల పాటు కార్లూ మోటారు సైకిళ్ళూ పందేలలో పరుగెత్తాయనీ తెలిసినవారు ఈనాడు తక్కువ. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఆ పందేలను నిర్వహించేది. ఎండలు ముదరకముందు వచ్చే ఒక శని ఆదివారాలలో నగరం నుంచి జనం వేలాదిగా తరలి వెళ్ళేవారు. విదేశీ కార్ల దిగుమతి మీద ఆంక్షలు గట్టిగా ఉన్న రోజులవి. అందుచేత పందెంలోకి దిగినవాటిలో అధిక భాగం ఇంట్లో వాడుకునే ఫియట్లు, హెరాల్డులు. ఇంజను విప్పి, బరువు తగ్గించి, వెనుక సీట్లు ఊడబీకి తెచ్చినవి. సోమవారం ఉదయం ఆఫీసుకు వెళ్ళటానికి మళ్ళీ ఆ కారే కావలసిన యజమానులూ వారిలో ఉండేవారు.

యుద్ధపు రన్‌వే పందెపు దారిగా మారటం మద్రాసుకు మాత్రమే ప్రత్యేకమైన సంగతి కాదు. ఇంగ్లండులో సిల్వర్‌స్టోన్, గుడ్‌వుడ్ మైదానాలలో 1948లో కార్ల పందేలు మొదలయ్యాయి. రెండూ అంతకుముందు వైమానిక దళపు స్థావరాలు. అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రంలో సెబ్రింగ్ పందెపు దారి కథ కూడా అదే. బాంబర్లు బరువుగా దిగటానికి వేసిన కాంక్రీటు, చుట్టూ ఊళ్ళు లేని మైదానం, అడిగేవారు లేని నేల: వేగం మీద మోజు, చేతిలో పరిమితమైన డబ్బు ఉన్నవారికి ఇంతకంటె ఏం కావాలి? మన దేశంలో కలకత్తా సమీపాన బారక్‌పూర్‌లోనూ, బొంబాయి జుహూలోనూ విమానాల బాటల మీదనే పందేలు జరిగాయి.

టెలివిజన్‌లో ఫార్ములా వన్ చూసినవారికి క్లబ్బు పందెం అంటే ఏమిటో కొంచెం చెప్పాలి. ఫార్ములా వన్‌లో డ్రైవరుకు జీతం ఇస్తారు; క్లబ్బు పందెంలో డ్రైవరే డబ్బు కడతాడు. ప్రవేశ రుసుము, టైర్లు, పెట్రోలు, లారీ మీద కారు తెచ్చుకోవటానికి అయ్యే ఖర్చు, లైసెన్సు, మెకానిక్ కూలీ అన్నీ అతనివే. గెలిస్తే ఒక కప్పు, ఒక ఫొటో. ప్రపంచమంతటా ఇదే పద్ధతి. అతనికి ఎదురుగా, ఆ పందెం జరగటానికి తమ సెలవు దినాన్ని ఇచ్చే మరొక వర్గం ఉన్నది. వారికి కప్పు కూడా లేదు. ఈ వ్యాసం ముఖ్యంగా వారిని గురించి.

షోలవరం రోజులు 1980ల చివరితో ముగిశాయి. అదే క్లబ్బు బెంగుళూరు రోడ్డు మీద, రామానుజాచార్యుల జన్మస్థలమైన శ్రీపెరుంబుదూరుకు దగ్గరలో, ఇరుంగాట్టుకోట్టై వద్ద పందేల కోసమే ఒక దారిని నిర్మించింది. 1990లో అది వాడకంలోకి వచ్చింది. పొడవు 3.717 కిలోమీటర్లు, మలుపులు పన్నెండు. ఇప్పుడు దానిని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నారు. కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళెంలో 2.1 కిలోమీటర్ల దారి మరొకటి ఉన్నది. దాని పేరు కరి మోటార్ స్పీడ్‌వే. పందెపు కార్లను స్వదేశంలోనే తయారు చేయవచ్చునని నిరూపించి, 1995లో విమాన ప్రమాదంలో మరణించిన కరివర్ధన్ పేరు దానికి పెట్టారు. దేశంలో జరిగే క్లబ్బు పందేలలో చాలా భాగానికి ఈ రెండు చోట్లే ఆధారం.

పందెపు వారాంతం శుక్రవారమే మొదలవుతుంది. మొదటి ఘట్టం తనిఖీ. షెడ్డు ముందు కార్లు వరుసలో నిలబడతాయి. తనిఖీదారు ఒక్కొక్కదాని కిందకీ లోపలికీ తొంగి చూస్తాడు. సీటు బెల్టు బోల్టులు ఎక్కడ బిగించారు? బ్యాటరీ కదలకుండా కట్టారా? కారు తిరగబడితే తల నుజ్జు కాకుండా కాపాడే ఉక్కు గొట్టాల పంజరం, అంటే రోల్ కేజ్, దాని అతుకులు సరిగా ఉన్నాయా? విద్యుత్తును బయటినుంచే ఆపివేయగల మీట పనిచేస్తున్నదా? మంటలు ఆర్పే సిలిండరు చేతికి అందుతుందా? హెల్మెట్ గడువు ముగిసిందా? ఏ మీట దగ్గరో సందేహం వస్తే కారు వెనక్కి పోవలసిందే. యజమాని ఎంతటి ధనికుడైనా, క్లబ్బులో ఎంత పాతకాపు అయినా ఆ షెడ్డులో అతనికి మినహాయింపు ఉండరాదు. మన దేశంలో కాగితం మీద సంతకం పెట్టించుకుని వాహనానికి యోగ్యతా పత్రం ఇచ్చే పద్ధతికి అలవాటుపడినవారికి ఈ షెడ్డు ఒక వింతగా తోస్తుంది.

శనివారం ఉదయం సాధన, తరువాత కాలపరీక్ష. ఎవరు తక్కువ వ్యవధిలో ఒక చుట్టు పూర్తి చేస్తే వారు వరుసలో ముందు నిలుస్తారు. రెండు నిమిషాలలో ఒక చుట్టు అయితే సగటు వేగం గంటకు సుమారు 111 కిలోమీటర్లు అవుతుంది. ఈ లెక్క చూసి, మా అబ్బాయి హైవే మీద ఇంతకంటె వేగంగా పోతాడు అని నవ్వేవారున్నారు. హైవే తిన్నగా ఉంటుంది. ఇక్కడ ఆ సగటులో పన్నెండు మలుపులు ఇమిడి ఉన్నాయి. తిన్నని భాగంలో గంటకు 150, 160 కిలోమీటర్లతో వచ్చి, మలుపు ముందు బ్రేకు వేసి, వంపు తిరిగి, మళ్ళీ వేగం అందుకోవాలి. నేలను తాకుతున్నది నాలుగు టైర్లలో ఒక్కొక్కదాని నుంచి అరచేయంత భాగం మాత్రమే. కారు తిరగటానికీ, ఆగటానికీ, ముందుకు దూకటానికీ ఉన్న పట్టు అంతా ఆ నాలుగు అరచేతులదే. ఒకే సమయంలో గట్టిగా బ్రేకు వేసి గట్టిగా తిప్పితే ఆ పట్టు చాలదు. అందుకే అనుభవజ్ఞుడు తిన్నగా ఉండగానే బ్రేకు ముగించి, దారి వెలుపలి అంచు నుంచి లోపలి అంచును తాకి, తిరిగి వెలుపలి అంచుకు వస్తాడు. అట్లా చేస్తే వంపు విశాలమవుతుంది, వేగం తక్కువ నష్టమవుతుంది. చూసేవారికి అతడు మెల్లగా, శ్రమ లేకుండా పోతున్నట్లు ఉంటుంది. టైర్లు అరిపించి పొగలు లేపుతూ జనం చేత చప్పట్లు కొట్టించుకునే కుర్రవాడు గడియారంలో రెండు సెకండ్లు వెనుకబడి ఉంటాడు. ఇది తెలియటానికి కొత్తవారికి ఒక సీజను పడుతుంది. కొందరికి ఎప్పటికీ తెలియదు.

ఇక మలుపు దగ్గర నిలబడిన మనిషి సంగతి. అతనిని మార్షల్ అంటారు. ఒంటి మీద దూరానికి కనిపించే రంగు చొక్కా, చేతిలో జెండాలు, పక్కన మంటలార్పే సాధనాలు, నూనె ఒలికితే చల్లటానికి పొడి, ఒక చీపురు. కాలేజీ విద్యార్థులు, బ్యాంకు ఉద్యోగులు, గ్యారేజీ మెకానిక్‌లు, పదవీ విరమణ చేసినవారు ఈ పనికి వస్తారు. ముట్టేది దారి ఖర్చు, మధ్యాహ్నం ఒక పొట్లం భోజనం. చాలాచోట్ల దారి ఖర్చు కూడా లేదు. ఉదయం మొదటి కారు కదలకముందే తమ స్థానానికి చేరాలి. చివరి కారు షెడ్డుకు వెళ్ళేదాకా కదలరాదు. మద్రాసు ఎండలో పది గంటలు. పందెంలో ఎవరు గెలుస్తున్నారో వారికి సరిగా తెలియదు. వారు చూడగలిగినది తమ మలుపు ఒక్కటే.

జెండాల భాష ప్రపంచంలో చాలాచోట్ల దాదాపు ఒకటే. పసుపుపచ్చ జెండా ఊపితే ముందు ప్రమాదం ఉన్నదని, వేగం తగ్గించాలని, ఎవరినీ దాటరాదని అర్థం. రెండు పసుపుపచ్చ జెండాలు కలిపి ఊపితే దారికి అడ్డంగా ఏదో ఉన్నది, ఆగటానికి సిద్ధపడమని. ఆకుపచ్చ వస్తే ప్రమాదస్థలం దాటినట్లు. పసుపు మీద ఎర్రచారలు ఉన్నది నేల జారుతున్నదని చెబుతుంది. నీలం జెండా వెనుక నుంచి నీకంటె వేగమైనవాడు వస్తున్నాడని చెబుతుంది. తెలుపు, నెమ్మదిగా పోతున్న వాహనం ముందున్నదని. నలుపు ఒక్క డ్రైవరుకే, అతని కారు సంఖ్యతో పాటు చూపుతారు: నువ్వు వచ్చి అధికారులకు కనిపించు. నలుపు మధ్య నారింజ రంగు బిళ్ళ ఉంటే నీ కారులో లోపం ఉన్నది, నీకు తెలియటం లేదు అని. ఎరుపు అందరికీ: పందెం ఆగిపోయింది. గళ్ళ జెండా సంగతి సినిమాలు చూసినవారందరికీ తెలిసినదే.

గంటకు 150 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక సెకండులో సుమారు 42 మీటర్లు దాటుతుంది. మలుపు అవతల కారు ఒకటి అడ్డం తిరిగి నిలిచిపోయిందనుకోండి. వచ్చే డ్రైవరుకు అది కనిపించదు. కనిపించేసరికి చేయటానికి ఏమీ మిగలదు. ఆ డ్రైవరుకు మలుపు అవతలి కన్ను మార్షలే. జెండా సెకండు ఆలస్యమైతే 42 మీటర్లు, రెండు సెకండ్లు ఆలస్యమైతే 84 మీటర్లు పోయినట్లే. అందుకే జెండాల దగ్గర ఇద్దరు వీపు వీపు తగిలేట్లు నిలబడతారు. ఒకరు వచ్చే కార్లను చూస్తూ నీలం జెండా పట్టుకుంటారు. మరొకరు వెళ్ళే కార్లను, ముందున్న దారిని చూస్తూ పసుపుపచ్చ పట్టుకుంటారు. పసుపు జెండా మనిషి వచ్చే కార్లకు వీపు పెట్టి నిలబడ్డాడు. తన ప్రాణాన్ని వెనుకనున్న తోటివాడి కళ్ళకు అప్పగించాడు. ఈ ఏర్పాటును చూసినప్పుడల్లా నాకు ఆశ్చర్యం కలుగుతుంది. ఇద్దరికీ పరిచయం ఆనాటి ఉదయమే అయివుండవచ్చు.

ఈ పనికి మనిషి, సాధనాలు, శిక్షణ మూడూ ఉండాలి. మనిషి ఉండి మిగిలిన రెండూ లేకపోతే ఏమవుతుందో 1973 జూలై 29న హాలండులోని జాండ్‌ఫూర్ట్ పందెంలో లోకం చూసింది. అది క్లబ్బు పందెం కాదు, ఫార్ములా వన్. రోజర్ విలియంసన్ అనే పాతికేళ్ళ ఆంగ్లేయుడికి అది రెండవ గ్రాండ్ ప్రీ మాత్రమే. అతని కారు అదుపు తప్పి, బోర్లా పడి, అంటుకున్నది. అతడు కింద చిక్కుకుపోయాడు. వెనుక వస్తున్న డేవిడ్ పర్లీ తన కారు ఆపి, దారికి అడ్డంగా పరుగెత్తి, మండుతున్న కారును ఒంటరిగా తిరగవేయటానికి ప్రయత్నించాడు. చేతకాక మార్షల్ దగ్గర ఉన్న మంటలార్పే సిలిండరు లాక్కుని ఖాళీ చేశాడు. అక్కడ మార్షల్స్ ఉన్నారు. వారి ఒంటిమీద మామూలు బట్టలున్నాయి. నిప్పులోకి చేయి పెట్టగల దుస్తులు వారికి ఎవరూ ఇవ్వలేదు. కారును ఇద్దరు ముగ్గురు కలిసి ఎత్తి ఉంటే తిరగబడేది. పందెం ఆపలేదు. మిగిలిన డ్రైవర్లు, దారి పక్కన నిలబడి చేతులూపుతున్న పర్లీయే ఆ కారు డ్రైవరనీ, అతడు క్షేమంగా బయటపడ్డాడనీ అనుకుని పక్కనుంచే సాగిపోయారు. అగ్నిమాపక వాహనం వచ్చేసరికి అంతా అయిపోయింది. పర్లీకి బ్రిటిష్ ప్రభుత్వం జార్జ్ మెడల్ ఇచ్చింది. ఆ మార్షల్స్‌ను పిరికివారని ఆనాడు కొందరు నిందించారు. అది న్యాయం కాదు. మనిషిని చొక్కాతో నిప్పు ముందు నిలబెట్టినవారిది ఆ తప్పు.

నేడు మలుపు దగ్గర ఉండేవారికి శిక్షణ ఇస్తున్నారు, మంటలకు తట్టుకునే దుస్తులు ఉన్న జట్లు వేరుగా ఉంటున్నాయి, ప్రతి పందెం వెనుకా వైద్యుడు ఉన్న వాహనం సిద్ధంగా ఉంటుంది. డ్రైవరు మెడను కాపాడే సాధనం ఒకటి వచ్చింది. దానిని హాన్స్ అంటారు. దాని పుట్టుక తెలుసుకోదగినది. 1981లో ఒక ప్రమాదంలో స్నేహితుడు మరణించిన తరువాత జిమ్ డౌనింగ్ అనే అమెరికన్ డ్రైవరు, శరీరానికి తగిలే దెబ్బల మీద పరిశోధన చేసే తన బావ రాబర్ట్ హబ్బర్డ్ దగ్గరకు వెళ్ళాడు. బెల్టు మొండాన్ని పట్టి ఉంచుతుంది గాని, ఢీకొన్నప్పుడు హెల్మెట్ బరువుతో తల ముందుకు ఎగిరి కపాలం అడుగున ఎముక విరుగుతుంది. భుజాల మీద ఒక కాడి పెట్టి, హెల్మెట్‌ను రెండు పట్టీలతో దానికి కట్టితే చాలునని హబ్బర్డ్ తేల్చాడు. మన ఎద్దుల మెడ మీద కాడిని చూసినవారికి ఆ రూపం వెంటనే అర్థమవుతుంది. పేరున్న డ్రైవర్లు దానిని చాలా ఏళ్ళు పట్టించుకోలేదు. మెడ తిప్పటానికి అడ్డమన్నారు. 2001లో అమెరికాలో డేల్ ఎర్న్‌హార్ట్ అటువంటి దెబ్బతోనే మరణించిన తరువాతగాని కళ్ళు తెరవలేదు. 2003 నుంచి ఫార్ములా వన్‌లో అది తప్పనిసరి అయింది.

ఇన్ని ఏర్పాట్లు ఉన్నా మరణం పూర్తిగా తొలగలేదు. ఇరుంగాట్టుకోట్టైలోనే 2023 జనవరి 8న, ఎన్నో ఏళ్ళుగా పందేలలో పాల్గొంటున్న 59 ఏళ్ళ డ్రైవరు ఒకరు ప్రమాదంలో కన్నుమూశారు. అదే ఏడు ఆగస్టులో మోటారు సైకిలు పందెంలో 13 ఏళ్ళ బాలుడు మరణించాడు. ఈ రెండింటినీ ఒకే మాటతో చెప్పటం నాకు ఇష్టం లేదు. మొదటి వ్యక్తి తన జీవితమంతా తెలిసి ఎంచుకున్న పని అది. రెండవది పసితనం. పదమూడేళ్ళ పిల్లవాడు ఎంత నైపుణ్యం ఉన్నవాడైనా, తన మెడకు ఉన్న విలువను తాను లెక్క కట్టగలడని నేను అనుకోను. ఇతర దేశాలలో పిల్లలు అంతకంటె చిన్న వయస్సులో మొదలుపెడుతున్నారు గదా అంటారు. అక్కడి పిల్లల ఎముకలు వేరుగా ఉండవు.

అయితే పందేలనే నిషేధిస్తే? ఆ ప్రయోగం కూడా జరిగింది. 1955లో ఫ్రాన్సులోని ల మాన్‌లో ఒక కారు గాలిలోకి లేచి జనం మీద పడగా ఎనభైమందికి పైగా మరణించారు. ఆ తరువాత స్విట్జర్లాండు తన నేల మీద ఇటువంటి పందేలను నిషేధించి, ఆరు దశాబ్దాలకు పైగా ఆ నిషేధాన్ని సాగించింది. స్విట్జర్లాండు సంగతి ఏమైనా, మన దేశంలో వేగం మీద మోజు పందెపు దారి లేనంతమాత్రాన పోదు. 2022లో భారతదేశపు రోడ్ల మీద 1,68,491 మంది మరణించారు. ప్రభుత్వ లెక్కల ప్రకారమే వారిలో పదిమందికి ఏడుగురి మరణానికి కారణం మితిమీరిన వేగం. హైదరాబాదులో గాని, బెంగుళూరులో గాని అర్ధరాత్రి ఖాళీ రోడ్ల మీద పందేలు వేసుకునే కుర్రవారికి తనిఖీ లేదు, హెల్మెట్ లేదు, మలుపు దగ్గర పసుపుపచ్చ జెండా లేదు. ఎదురుగా వచ్చే పాల వ్యానుకు తాను పందెంలో ఉన్నట్లు తెలియదు. ఆ కుర్రవారిలో ఒక్కరు ఒక్క వారాంతం క్లబ్బు షెడ్డులో గడిపి, తన బ్రేకు నట్టు వదులుగా ఉన్నదని చెప్పించుకుని వెనక్కి వస్తే వాడు మర్నాడు రోడ్డు మీద కారు నడిపే తీరు మారుతుంది. ఇది నా నమ్మకం. లెక్క అడిగితే చూపలేను.

చిక్కు డబ్బు దగ్గర వస్తుంది. క్లబ్బు పందెం సామాన్యుడిది అని చెప్పటం అతిశయోక్తి. షోలవరం రోజులలో కూడా ముందు వరుసలో ఎక్కువగా కనిపించినవారు సంస్థానాధీశుల బిడ్డలు, పారిశ్రామికవేత్తల కుమారులు. ఖర్చును అదుపులో పెట్టటానికి క్లబ్బులు పట్టిన ఉపాయం ఏమంటే నిబంధనలతో ఇంజనును చిన్నది చేయటం. ఇంగ్లండులో 1939లో ఏర్పడిన 750 మోటార్ క్లబ్ ఆస్టిన్ సెవెన్ అనే పాత చిన్నకారునే ఆధారంగా పెట్టుకున్నది. కొలిన్ చాప్‌మన్ అనే యువ ఇంజనీరు ఆ పాతకారుతోనే మొదలుపెట్టి, 1951లో ఇంజనులోకి గాలి వెళ్ళే మార్గాన్ని తెలివిగా విడదీసి అందరినీ వెనక్కి నెట్టాడు. ఆ ఉపాయాన్ని నిషేధిస్తూ క్లబ్బు కొత్త నిబంధన రాసుకోవలసి వచ్చింది. అతడు స్థాపించిన లోటస్ సంస్థ తరువాత ఏడుసార్లు ఫార్ములా వన్ నిర్మాతల ఛాంపియన్‌షిప్ గెలిచింది.

మన దేశంలో ఆ పని చేసినవాడు కరివర్ధన్. 1988లో అతని కృషితో ఫార్ములా మారుతి వచ్చింది. ఊళ్ళో ప్రతి వీధిలో తిరిగే మారుతి 800 ఇంజనునే తీసి, ఒంటిసీటు పందెపు కారులో బిగించారు. విడిభాగం విరిగితే పక్క ఊరి దుకాణంలో దొరుకుతుంది. మెకానిక్‌కు అది కొత్త కాదు. అందరికీ ఒకే ఇంజను కనుక డబ్బున్నవాడు వేగాన్ని కొనుక్కోవటం కొంత కష్టమైంది. 2005లో భారతదేశం నుంచి ఫార్ములా వన్‌కు చేరిన మొదటి డ్రైవరు నారాయణ్ కార్తికేయన్ ఆ ఫార్ములా మారుతిలోనే పాఠాలు నేర్చుకున్నాడు. ఇప్పుడు దాని స్థానంలో 1300 సి.సి. ఇంజనులతో కోయంబత్తూరులోనే తయారైన కార్లు పరుగెత్తుతున్నాయి.

వయస్సు మళ్ళినవారికి ఇందులో చోటు లేదనుకోవద్దు. అమెరికన్ సినిమా నటుడు పాల్ న్యూమన్ నలభై ఏడవ ఏట పందేలలో అడుగుపెట్టాడు. అక్కడి ఔత్సాహికుల సంస్థ నిర్వహించే జాతీయ ఛాంపియన్‌షిప్‌ను 1976, 1979, 1985, 1986 సంవత్సరాలలో గెలిచాడు. సినిమాలో అతనికి ఎవరైనా దారి ఇచ్చి ఉండవచ్చు. పందెంలో నీలం జెండా పడితేనే దారి దొరికేది.

మన తెలుగునాట ఈ ఆటకు గొప్ప ఆర్భాటంతో వచ్చిన రోజు 2023 ఫిబ్రవరి 11. విద్యుత్తుతో నడిచే ఫార్ములా ఇ కార్లు హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున వీధులలోనే పందెం వేశాయి. దేశంలో అటువంటి పందెం అదే మొదటిది. మరుసటి ఏడు జరగవలసినది రద్దయింది. సంవత్సరానికి ఒకసారి వచ్చి పోయే సర్కస్‌ను ప్రభుత్వం పిలవగలదు, పంపగలదు. డెబ్బై ఏళ్ళుగా ప్రతి సీజనులో జెండాలు ఉతికి ఆరవేసే క్లబ్బును ఏ ప్రకటనతోనూ సృష్టించలేరు. హైదరాబాదులో ఉత్సాహం ఉన్న యువకుడు కారు పందెం నేర్చుకోవాలంటే ఇప్పటికీ ముందుగా తమిళనాడు వైపే చూస్తున్నాడు.

ఆదివారం అసలు పందేలు. ఒక్కొక్కటి పది చుట్లు అనుకుంటే 37 కిలోమీటర్లు, అంటే దాదాపు విజయవాడ నుంచి గుంటూరు వెళ్ళేంత దూరం. ఇరవై నిమిషాలలో అయిపోతుంది. మొదటి మలుపు దగ్గర ఇరవై కార్లు ఒక్కసారిగా ఇరుకులో దూరతాయి, రెండు రాసుకుంటాయి, ఒకటి ఇసుకలో కూరుకుపోతుంది. పసుపుపచ్చ జెండా లేస్తుంది. ఇద్దరు మార్షల్స్ గోడ దూకి పరుగెత్తుతారు, డ్రైవరు బొటనవేలు పైకెత్తి బాగానే ఉన్నానని చూపుతాడు, కారును తాడు కట్టి లాగుతారు, మూడవవాడు చీపురుతో గాజు పెంకులు ఊడుస్తాడు. రెండు చుట్లలో ఆకుపచ్చ వస్తుంది. ప్రేక్షకులలో ఎక్కువమంది ముందు పోతున్న ఇద్దరినే చూస్తూ ఇదంతా గమనించి ఉండరు.

గెలిచిన కార్లను వెంటనే యజమానికి ఇవ్వరు. ఒక ఆవరణలో నిలిపి మళ్ళీ తూచి, కొలిచి చూస్తారు. ఫలితాల కాగితం బోర్డు మీద అంటించిన తరువాత ఎవరికైనా అభ్యంతరం ఉంటే నియమిత వ్యవధిలో, రుసుము కట్టి, రాతపూర్వకంగా చెప్పుకోవచ్చు. ఈ అరగంట క్లబ్బు పందేలలో మిక్కిలి వాగ్వివాదంతో నిండినది. నిన్నటిదాకా పానా, జాకీ అప్పిచ్చుకున్న స్నేహితులు నిబంధనల పుస్తకం తిరగవేస్తూ ఒకరి కార్బురేటరును మరొకరు శంకిస్తారు. ఈలోగా దారి పొడవునా మార్షల్స్ జెండాలు చుట్టి, మంటలార్పే సిలిండర్లు లెక్కపెట్టి, వ్యాను కోసం నిలబడి ఉంటారు. వాడిన సిలిండరు ఎన్నవదో, ఏ మలుపు దగ్గర కంచె వంగిందో కాగితం మీద రాసి ఇస్తారు. రెండు వారాల తరువాతి పందేనికి ఎవరెవరు రాగలరో అక్కడే పేర్లు తీసుకుంటారు. వ్యాను వారిని పెద్దరోడ్డు మీద దింపుతుంది. అక్కడినుంచి నగరానికి బస్సు.